ఫ్యూజు పోయిందా... సంతోషించండి!

రాత్రి ప్రయాణం. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. ఉన్నట్టుండి కారు హెడ్‌లైట్లు ఆరిపోయాయి. చూస్తే ఫ్యూజు పోయింది. రోడ్డు పక్క షెడ్డు కుర్రాడు రాగి తీగ ముక్క చుట్టి దాని స్థానంలో పెట్టాడు. లైట్లు వెలిగాయి. 'హమ్మయ్య' అనుకుంటూ బయల్దేరారు. అసలు ప్రమాదం మొదలైంది అప్పుడే!

తాను తెగిపోయి మిగతా వైరింగును కాపాడటమే ఫ్యూజు పని. '12 వోల్టులేగా' అని కారు బ్యాటరీని తేలిగ్గా తీసుకుంటాం. ముట్టుకుంటే షాక్ కొట్టదు, నిజమే. కానీ ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు వంద ఆంపియర్లకు పైగా కరెంటు ఇచ్చేది అదే. పైతొడుగు చిరిగిన తీగ కారు బాడీకి తగిలితే ఆ కరెంటంతా అటే పరుగెడుతుంది. ఫ్యూజు తెగకపోతే తీగే ఎర్రగా కాలుతుంది. నిప్పు అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

మరి తప్పు ఎక్కడుందో పట్టుకునేదెలా? ఆటోనగర్లలో తలపండిన ఎలక్ట్రీషియన్ల చేతిలో ఉండేది ఓ చిన్న టెస్ట్ ల్యాంపు. హెడ్‌లైట్ల బల్బులు తీసేసి, స్విచ్చి వేసి, ఫ్యూజు స్థానంలో దీన్ని తగిలిస్తారు. బల్బులు లేవు కాబట్టి ల్యాంపు వెలగకూడదు. వెలిగిందంటే ఎక్కడో షార్టయినట్టే. ఇక కనెక్టర్లు ఒక్కొక్కటీ విడదీస్తూ వెళ్తారు. ఏది తీసినప్పుడు ల్యాంపు ఆరిందో దొంగ ఆ దారిలోనే ఉన్నాడన్నమాట!

చాలాసార్లు ఆ దొంగ ఎలుకే. కొన్నిసార్లు ఇంజిన్ వేడికి పెళుసెక్కిన తీగ. ఇంకొన్నిసార్లు మన సరదా! 60 వాట్ల బల్బు లాగేది 5 ఆంపియర్లు. వెలుగు చాలట్లేదని 100 వాట్లది వేస్తే 8 దాటుతుంది. తీగ మాత్రం పాతదే మరి.

లైట్లు మసగ్గా వెలుగుతున్నా, ఇండికేటర్ వేస్తే పక్క లైటూ మిణుకుమంటున్నా ముందు ఎర్తు చూడాలి. ఆ లైట్ల ఎర్తు తీగ బాడీకి కలిసేచోట తుప్పు గీకి, బోల్టు బిగిస్తే చాలావరకు సరిపోతుంది.

తీగ మార్చాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాలి. అదే మందం తీగ వాడాలి. మెలితిప్పి టేపు చుట్టడం కాదు, సోల్డరింగ్ చేసి స్లీవ్ తొడగాలి. ఎయిర్‌బ్యాగుల పసుపు కనెక్టర్లు, ఎలక్ట్రిక్ కార్లలోని నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం సొంతంగా వెళ్లొద్దు. ఆ కేబుళ్లలో ఉండేది వందల వోల్టులు!

ఫ్యూజులకు రంగులుంటాయి. 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఏ రంగు పోతే ఆ రంగే వేయాలి. కారులో రెండేసి ఉంచుకుంటే ఖర్చు కొద్ది రూపాయలే. కొత్తదీ వెంటనే పోయిందా? బండి పక్కకు ఆపి మెకానిక్‌కు ఫోన్ చేయండి. ఆ రాత్రికి పిల్లల నిద్ర చెడుతుంది... అంతేగా!