ఎండ ఏరిన ఉప్పు

వేసవి ముదిరేకొద్దీ శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు మడులకు పని పెరుగుతుంది. లోపలికి పెట్టిన సముద్రపు నీరు మడి నుంచి మడికి జారుతూ, ఎండకూ గాలికీ చిక్కబడుతూ పోతుంది. ఉప్పు పండుతోందంటాం గానీ, అక్కడ కొత్తగా పుట్టేదేమీ లేదు. కలిసి వచ్చినవి వేరుపడుతున్నాయి, అంతే.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మనం కూరలో వేసుకునే సోడియం క్లోరైడ్ అందులో 27 గ్రాముల దాకా ఉంటుంది. తక్కినవి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. ఏ మూల ముంచి తీసినా అదే ఉప్పదనం, ఎంత తేరిపార చూసినా కనబడని తేడా. బడి పుస్తకం దీన్ని సజాతీయ మిశ్రమం అంటుంది. మిశ్రమం కాబట్టే ఎండ దీన్ని విడదీయగలదు.

అదీ ఒక వరసలో. ముందు కాల్షియం కార్బొనేట్ దిగుతుంది. నీరు బాగా ఇంకాక జిప్సం. ఉప్పుకు తొందర లేదు. నీరు దాదాపు పదో వంతుకు తగ్గితే గానీ పైకి తేలదు. మడులు వరసగా కట్టడంలోని కిటుకు ఇదే. కాల్షియం కార్బొనేటూ జిప్సమూ ముందు మడుల్లోనే అడుగంటిపోతాయి, చివరి మడికి చిక్కటి ఉప్పునీరు చేరుతుంది.

ఆ చివరి మడి గట్టున గొంతుక్కూర్చుని చూడాలి. గాలి ఆగిన మిట్టమధ్యాహ్నం నీటిమీద ఆవగింజకన్నా చిన్న పలుకు ఒకటి కడుతుంది. నీటికన్నా బరువైనదే అయినా తలతన్యత దాన్ని మునగనివ్వదు. కాస్త కిందికి కుంగుతుంది. నీటిమట్టాన్ని తాకే అంచుల వెంబడి ఇంకో వరస పేరుకుంటుంది. మళ్లీ కుంగడం, మళ్లీ పేరుకోవడం. చివరికి నాలుగు వైపులా మెట్లున్న బుల్లి కోనేరు తయారవుతుంది, లోపల బోలుగా. చిరుగాలికి మడి కదిలిందా, బుడుంగున మునిగిపోతుంది. ఆ తర్వాత అడుగున పలకలు పలకలుగా పెరుగుతుంది.

ఉప్పు పలుకుకు ఆ చదరపు అంచులు ఎందుకో 1913లో తేలింది. లారెన్స్ బ్రాగ్ ఎక్స్-కిరణాల సాయంతో లోపలి అమరిక చెప్పాడు: ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ప్రతి క్లోరిన్ చుట్టూ ఆరు సోడియంలు. వీటిలో ఎవరికి ఎవరు జతో చెప్పలేం, అంటే విడిగా ఉప్పు అణువంటూ ఉండదు. ఇది మింగుడుపడక హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్ద రసాయనవేత్త 1927లో కూడా పత్రికకెక్కి మండిపడ్డాడు. నాకు ఆయన మీద కోపం రాదు. అణువులే లేని పదార్థమంటే ఎవరికైనా ఒక పట్టాన నమ్మకం కుదరదు.

ఎండకు చేతనైన పని ఇక్కడితో సరి. ఉప్పును 801 డిగ్రీల సెల్సియస్ దాకా కాచినా కరిగి ద్రవమవుతుందే తప్ప ఉప్పుతనం పోదు. అది మిశ్రమం కాదు, సమ్మేళనం. సోడియాన్ని తొలిసారి బయటికి లాగడానికి 1807లో హంఫ్రీ డేవీకి విద్యుత్తు కావలసివచ్చింది. అదీ ఉప్పు నుంచి కాదు, కాస్టిక్ సోడా నుంచి. ఆ సోడియం చాకుతో కోస్తే తెగేంత మెత్తని లోహం, నీళ్లలో పడితే భగ్గుమంటుంది. క్లోరిన్ ఆకుపచ్చ ఛాయ ఉన్న పసుపు వాయువు, ఊపిరి తీసే విషం. రెండూ జతకూడితే పచ్చడికి రుచి.

ఉప్పును పలకతో లాగి కుప్ప పోశాక మడిలో చేదు నీరు మిగులుతుంది. మెగ్నీషియం లవణాలు పోగుపడేది అందులోనే. వానాకాలం వంటింట్లో రాళ్ల ఉప్పు చెమ్మగిల్లడానికి పెద్ద కారణం దాన్ని అంటిపెట్టుకున్న మెగ్నీషియం క్లోరైడే. ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో ఆంత్వాన్ బలార్ అనే యువకుడు ఇలాంటి చేదు నీటిలోకే క్లోరిన్ పంపి, ఎర్రగోధుమ రంగు ద్రవాన్ని రాబట్టాడు. 1826లో లోకానికి చెప్పాడు. ముక్కు బద్దలయ్యే వాసనతో ఉన్న ఆ కొత్త మూలకమే బ్రోమిన్. మామూలు వేడిలో ద్రవంగా ఉండే అలోహం అదొక్కటే. గుజరాత్‌లో నేటికీ ఉప్పు తీయగా మిగిలిన చేదు నీటి నుంచే దాన్ని తీస్తున్నారు.