26 అంటే ఏ 26? అల్లాయ్ చక్రం కొనే ముందు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు దాదాపు 30 కిలోమీటర్లు. 26 అంగుళాల గేర్ సైకిల్ చక్రం టైరుతో కలిపి ఒక్క చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకు పోతుంది. అంటే ఊరు చేరేలోగా 14,600 చుట్లు. అలాంటి చక్రం మార్చేటప్పుడు ‘అల్లాయా, ఇనుమా’ అన్న ఒక్క ప్రశ్న సరిపోదు.

అల్లాయ్ అంటే మోటారు సైకిళ్లకు ఉన్నట్టు పుల్లలు లేని చక్రమా? కాదు. ఇక్కడ అల్లాయ్ రిమ్ము అంటే మెగ్నీషియం, సిలికాన్ లాంటివి కొద్దిగా కలిపిన అల్యూమినియం రిమ్ము. పుల్లలు లేని పోత చక్రాలూ అమ్ముతారు. చూపుకు బాగుంటాయి గానీ, గుంతలో పడి వంగితే బెండు తీయడం కుదరదు, మొత్తం మార్చాల్సిందే. మన రోడ్లకు పుల్లల చక్రమే మేలు.

బరువు తగ్గుతుందా? ఇనుము ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములు, అల్యూమినియం 2.7. కానీ బలం కోసం అల్యూమినియాన్ని మందంగా వాడతారు కాబట్టి రిమ్ము బరువు అంతగా తగ్గదు. రెండు చక్రాలకూ కలిపి అరకిలో తగ్గిందనుకుందాం. మనిషి 65 కిలోలు, సైకిలు 15. ఆ 80లో అరకిలో ఒక శాతం కూడా కాదు. అసలు లాభం వానలో తెలుస్తుంది. తడిసిన ఇనుప రిమ్ము మీద రబ్బరు బ్రేకు జారుతుంది, అల్యూమినియం మీద బాగా పడుతుంది. ఎర్రటి తుప్పు బాధ కూడా ఉండదు. డిస్క్ బ్రేకు ఉన్నవాళ్లకు మాత్రం ఈ బ్రేకు లాభం లెక్కలోకి రాదు.

ఇక పుల్లలు. అవి కింద నుంచి బరువు మోస్తాయనుకుంటాం. రెండు మిల్లీమీటర్ల తీగను నిలువుగా నొక్కితే వంగిపోతుంది. దాని బలమంతా లాగుడులోనే ఉంది. బాగా బిగించిన చక్రంలో ఒక్కో పుల్ల మీద దాదాపు 100 కిలోల లాగుడు ఉంటుంది, ఆదోని యార్డుకొచ్చే పత్తిని పుల్లకొక క్వింటాల్ చొప్పున వేలాడదీసినట్టు. నేల దగ్గరికి వచ్చిన పుల్ల కాస్త సడలి, పైకి పోయాక మళ్లీ బిగుస్తుంది. ఎమ్మిగనూరు చేరేసరికి ప్రతి పుల్లకూ ఇది 14,600 సార్లు జరుగుతుంది. మొదటే వదులుగా ఉన్న పుల్ల పూర్తిగా సడలి, హబ్బు దగ్గరి వంపులో అలసి తెగుతుంది. ఒకదాని వెనక ఒకటి తెగుతుంటే రిమ్మును తిట్టకండి, బిగింపు చూపించండి. గోటితో మీటితే ఒకే వైపు పుల్లలన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో మోగాలి. కొత్త చక్రమైతే కొన్ని రోజులు తిరిగాక మళ్లీ ఒకసారి చూపించాలి.

కొలత దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. టైరు పక్కన 50-559 లాంటి అంకెలు అచ్చుపోసి ఉంటాయి. 559 అంటే టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. 26×1.95 టైరుకు అది 559. పాతరకం సైకిలు 26×1½కు 584. పేరు ఒకటే, తేడా అంగుళం, ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు. చిత్రమేమిటంటే, కొత్తగా 27.5 అని అమ్మే కొలతా 584యే. 29 అంటే 622. కాబట్టి షాపుకు పాత టైరు మీది అంకె రాసుకుని వెళ్లండి. పుల్లల రంధ్రాలు కూడా లెక్కపెట్టండి. 36 రంధ్రాల హబ్బుకు 32 రంధ్రాల రిమ్ము కుదరదు.

రిమ్ముల్లో ‘డబుల్ వాల్’ అడగండి. అడ్డంగా కోస్తే మధ్యలో గది కనిపించే, రెండు గోడల రిమ్ము అది. గుంతల దెబ్బకు ఒంటిగోడ దానికంటే బాగా నిలుస్తుంది.

హబ్బు కూడా మార్చాలా? చక్రాన్ని పైకెత్తి, రిమ్ము పట్టుకుని పక్కలకు కదపండి. లొడలొడలాడితే ఇరుసు మీది కోను బిగించాలి. ఇరుసును వేళ్లతో తిప్పినప్పుడు గరగరమంటే విప్పి చూడాలి. వెనక హబ్బులో సాధారణంగా పక్కకు 9 చొప్పున పావు అంగుళం గుండ్లుంటాయి. నల్లరేగడి బురద గ్రీజులో కలిస్తే అవి అరిగిపోతాయి. గుండ్లు మాత్రమే పాడైతే కొత్తవి వేసి గ్రీజు పెడితే చాలు. అవి తిరిగే గిన్నెలో గుంటలు పడితేనే హబ్బు మార్చండి. చేతిలో డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే, గిన్నెలు బాగున్న పాత హబ్బును ఉంచుకుని, రంధ్రాల లెక్క సరిపోయే డబుల్ వాల్ రిమ్మూ, కొత్త పుల్లలూ వేయించుకోండి. మిగిలిన డబ్బు బాగా బిగించే మేస్త్రీకి ఇవ్వండి.