సూదిమందును తోడుమనిషియు

నెల్లూరునుండి పడమరగా ఆత్మకూరునకు పోవు బాటలో, పెన్నానది యొడ్డున సంగము అను ఊరు కలదు. సంగమేశ్వరుని ఆలయము వలనను, ఏటికి అడ్డముగా కట్టిన ఆనకట్ట వలనను ఆ ఊరు పేరు వడసినది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున కట్టిన పాత ఆనకట్టకు తోడు 2022 లో కొత్త బారేజి వెలసినది. కాలువ నీరు పారినంత మేర వరిచేలు. అక్కడినుండి ఉదయగిరి కొండలవైపు సాగినకొలది మెట్టపొలములు, రాళ్లనేల, మండుటెండ. చిన్న జబ్బులకు ఆ ప్రాంతమున దగ్గరలోనే మందు దొరకును. పెద్ద జబ్బు అన్నచో నెల్లూరికి బస్సెక్కవలసినదే.

అట్టి ఊరిలో ఐదవ తరగతి చదువుచున్న బాలుని నొకనిని ఊహింపుడు. కొన్ని వారములుగా వానికి తీరని దాహము. కడవ దగ్గరకు పదేపదే పోవును. రాత్రి నాలుగైదు సారులు లేచును. పక్క తడుపుట ఏనాడో మానినవాడు మరల తడుపుచున్నాడు. కడుపునిండ తినుచున్నను చొక్కా వదులైపోవుచున్నది. వాడు మూత్రము విడిచిన చోట చీమలు పట్టుటను తల్లి చూచినది. ఇరుగుపొరుగువారు ఎండదెబ్బ యందురు, దిష్టి యందురు. ఒకనాడు వాంతులు మొదలగును. కడుపునొప్పి, ఆయాసము, మగతయు తోడగును. శ్వాసలో మాగిన పండ్ల వాసన వంటిదొకటి తోచును. అప్పటికి గంటలే మిగిలియుండును. ఈ లక్షణములను విషజ్వరమనియు, కడుపులోని మరియొక జబ్బనియు పొరబడి మందిచ్చుటలో కాలము గడచిపోయి ప్రాణములు పోయిన పిల్లలు ఎందరో కలరు. వ్రేలికొననుండి తీసిన ఒక్క నెత్తుటిచుక్కను పరీక్షించుటకు నిమిషమైనను పట్టదు. ఆ చుక్కను చూడవలెనని ఎవరికో ఒకరికి తోచుటయే అక్కడ ముఖ్యము.

మూత్రము తేనెవలె తియ్యనగుటను భారతదేశపు ప్రాచీన వైద్యులు గుర్తించి, ఈ జబ్బునకు మధుమేహమను పేరు పెట్టిరి. పెద్దలలో తరచుగా కనబడు మధుమేహము వేరు, పిల్లలకు హఠాత్తుగా వచ్చునది వేరు. కడుపులో జీర్ణాశయమునకు వెనుకగా క్లోమమను అవయవము కలదు. దానిలోని కొన్ని కణములు ఇన్సులిను అను రసమును పుట్టించును. తిన్న అన్నము చక్కెరగా మారి నెత్తుటిలో చేరిన తరువాత, ఆ చక్కెర కండలలోనికి పోవుటకు తలుపు తెరచునది ఈ ఇన్సులినే. రోగములతో పోరాడవలసిన శరీరపు రక్షణశక్తి పొరపాటున ఈ కణములనే శత్రువులని తలచి నాశనము చేయుటచే మొదటి రకము మధుమేహము కలుగుచున్నది. అప్పుడు నెత్తుటినిండ చక్కెర యున్నను శరీరము ఆకలితో మాడును. తీపి తినుటచే ఈ జబ్బు రాదు. తల్లి పెంపకములో లోపమువలన రాదు. ఒకరినుండి మరియొకరికి అంటదు. ఈ మూడు మాటలును మొదటి దినముననే చెప్పువారు లేకపోవుటచే ఎన్నో ఇండ్లలో తల్లులు ఊరక నిందల పాలగుచున్నారు.

1922 వరకు ఈ జబ్బునకు మందు లేదు. పిల్లలను దాదాపు పస్తులుంచి కొన్ని నెలలపాటు బ్రదికించుటయే నాటి చికిత్స. కెనడా దేశమున టొరంటో నగరమునందు ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ అనువారు 1921 లో కుక్కల క్లోమమునుండి ఇన్సులిను తీయగలిగిరి. 1922 జనవరి 11 వ తేదీన లియొనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు దానిని ఎక్కించిరి. మందు శుభ్రముగా లేక వికటించినది. జేమ్స్ కాలిప్ అను శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధి చేయగా, పండ్రెండు దినముల తరువాత మరల ఎక్కించిరి, బాలుడు తేరుకొనెను. బాంటింగ్ జన్మదినమైన నవంబరు 14 ను ప్రపంచ మధుమేహ దినముగా జరుపుచున్నారు. భారతదేశమున బాలల దినమును అదే.

మందు దొరకినది గాని జబ్బు పోలేదు. రోజునకు నాలుగు సూదుల చొప్పున ఏడాదికి 1460 సూదులు. బ్రదికినంతకాలము ఇదే లెక్క. తిండికి ముందు ఎంత మందు, ఆటకు ముందు ఎంత, జ్వరము వచ్చిననాడు ఎంత అని ఇంటివారు ప్రతిదినము లెక్క చూడవలెను. వైద్యుడు నెలకో, మూడు నెలలకో ఒకమారు చూచును. మిగిలిన దినములలో వైద్యులు ఆ తలిదండ్రులే. ఈ సంగతిని ముందుగా గ్రహించినవారిలో అమెరికాలోని బోస్టన్ వైద్యుడు ఇలియట్ జాస్లిన్ ఒకడు. ఆయన దాదులకు ప్రత్యేకముగా శిక్షణ ఇచ్చి రోగుల ఇండ్లకే పంపుచుండెను.

రోగులే రోగులకు తోడగు పద్ధతి ఇంగ్లండులో బలపడినది. ఆర్. డి. లారెన్స్ అను యువవైద్యునకు ఈ జబ్బు సోకగా, ఇక బ్రదుకనని తలచి, ఇంటివారి కంట పడకుండ కన్నుమూయవలెనని ఇటలీలోని ఫ్లారెన్సు నగరమునకు పోయి అక్కడ వైద్యము చేసికొనుచుండెను. 1923 లో ఇన్సులిను వచ్చినదను కబురు లండనునుండి అందగా కారెక్కి తిరిగివచ్చి ప్రాణము దక్కించుకొనెను. ఆయనయు, మధుమేహరోగియే యైన ప్రసిద్ధ నవలాకారుడు హెచ్. జి. వెల్సును కలిసి 1934 లో మధుమేహరోగుల సంఘమును స్థాపించిరి. ధనికుడైనను పేదవాడైనను ఇన్సులిను అందరికిని అందవలెననునది ఆ సంఘపు కోరిక.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన కథ ఈవా సాక్సల్ అను స్త్రీది. ఆమె ప్రేగు నగరపు యూదు యువతి. నాజీల బాధకు తాళలేక భర్త విక్టరుతో కూడ 1940 ప్రాంతమున చైనాలోని షాంఘై నగరమునకు వలస పోయెను. అక్కడ ఆమెకు ఈ జబ్బు పొడసూపెను. 1941 డిసెంబరులో జపాను యుద్ధమునకు దిగి నగరమునంతయు వశపరచుకొనగా మందుల అంగళ్లు మూతపడెను. దొంగబజారులో అమ్ము ఇన్సులినును నమ్మరాదు. నమ్మిన పరిచితుడొకడు మరణించెను. విక్టరు బట్టల మిల్లు ఇంజనీరు, వైద్యుడు కాడు. ఐనను దంపతులిద్దరును వైద్యగ్రంథమొకటి సంపాదించి, అందులో బాంటింగ్, బెస్టుల పద్ధతిని చదివి, ఒక చీనా శాస్త్రజ్ఞుడు తోడ్పడి ఇచ్చిన చిన్న ప్రయోగశాలలో పని మొదలిడిరి. కబేళానుండి తెచ్చిన గేదెల క్లోమములే వారి ముడిసరకు. తయారైన రసమును కుందేళ్లపై పరీక్షించిరి. తుదకు లభించినది తేటనీరువంటి మందు కాదు, గోధుమరంగు ద్రవము. దానిని మొదట ఈవాయే తన దేహమునకు ఎక్కించుకొనెను. అది పనిచేసెను. అంతట వారు దానిని తమకొరకే దాచుకొనలేదు. నగరమున మందు లేక అల్లాడుచున్న 200 కు పైబడిన రోగులకు పంచి యుద్ధము ముగియువరకు కాపాడిరి. ఈవా తరువాత అమెరికాలోను, భర్త మరణానంతరము చిలీ దేశములోను మధుమేహరోగుల సేవలో చాలకాలము గడపి 2002 లో మరణించెను.

నేడు కబేళాలకు పోవలసిన పని లేదు. సూక్ష్మజీవులచేత మనుష్య ఇన్సులినును చేయించు విద్య 1982 నుండి వ్యాపించినది. ఐనను పేద ఇంటికి అది భారమే. భారతదేశమున 20 ఏండ్లలోపు వారిలో ఈ జబ్బు గలవారు రెండు లక్షలకు మించి యున్నారని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 లో అంచనా వేసెను. నాగపురమున వైద్యుడు శరద్ పెండ్సే స్థాపించిన డ్రీమ్ ట్రస్టు, కోయంబత్తూరునందలి ఇదయంగళ్ అను ధర్మసంస్థ ఇట్టి పేదపిల్లలకు ఉచితముగా ఇన్సులినును, దానితో పాటు బోధనను అందించుటకు పూనుకొన్నవి. ఆస్ట్రేలియాలో పుట్టిన లైఫ్ ఫర్ ఎ చైల్డ్ అను సంస్థ పేదదేశముల పిల్లలకు మందు పంపుచున్నది. కేరళ ప్రభుత్వము ఈ పిల్లలకై పెట్టిన పథకమునకు ‘మిఠాయి’ అని పేరు. తీపికి భయపడవలసిన పిల్లల పథకమునకు ఆ పేరు పెట్టినవాని చమత్కారము మెచ్చదగినది.

ఇట్టి సంస్థలలో పనిచేయు స్వచ్ఛంద సేవకులు పలువురు ఆ జబ్బుతో పెరిగినవారో, అట్టి పిల్లలను పెంచిన తల్లులో అగుచుందురు. వారు మందు మోతాదును మార్చరు. అది వైద్యుని పని. మోతాదు చెప్ప మొదలిడిన సేవకునివలన మేలుకంటె కీడే ఎక్కువ. వారి పని వేరు. ఆసుపత్రినుండి సంచినిండ సీసాలు, సూదులు తెచ్చుకొన్న ఇంటివారు ఆ రాత్రి ఏమి చేయవలెనో తోచక కూర్చుండగా, పక్కన కూర్చుండుట వారి పని.

ముందుగా సీసా ఎక్కడ పెట్టవలెనను ప్రశ్న వచ్చును. ఇన్సులిను వేడికి చెడును, గడ్డకట్టినను చెడును. ఫ్రిజ్జు ఉన్నచో మంచుగడ్డల అరకు దూరముగా ఉంచవలెను. అది లేని ఇంట పెద్ద కుండలో చిన్న కుండ నుంచి, నడుమ ఇసుక పోసి తడుపుచుండవలెను. పైన తడిగుడ్డ కప్పవలెను. సీసాను మూతగల డబ్బాలో పెట్టి లోపలి కుండలో నుంచినచో, తడి ఆరునప్పుడు కలుగు చల్లదనము దానిని కాపాడును. గాలిలో తేమ తక్కువైన కొలది ఈ ఉపాయము బాగుగా పనిచేయును. ఉదయగిరి సీమవంటి మెట్టప్రాంతపు పొడియెండలో కుమ్మరివాని కుండకు ఇంత గొప్ప పని కలదని చాలమందికి తెలియదు. వాడుచున్న సీసాను ఇట్లు సుమారు ఒక నెల కాపాడుకొనవచ్చును.

తరువాత అన్నిటికంటె పెద్ద గండమొకటి కలదు. సూదిమందు మొదలైన కొన్ని వారములకు, క్లోమములో మిగిలిన కొద్ది కణములు కొంత తెప్పరిల్లి పనిచేయును. మందు అవసరము తగ్గును. పిల్లవాడు బొద్దుగా, చురుకుగా తిరుగును. సరిగా ఆ సమయముననే ఎవరో ఒకరు వచ్చి, పసరు తాగించినచో సూదులు మానవచ్చునని చెప్పుదురు. పసరు తాగింతురు, చక్కెర పెరుగదు, పసరే పనిచేసినదని నమ్ముదురు, సూది మానుదురు. కొన్ని నెలలకు ఆ కణములును నశించును. సూది లేదు, పసరు ఆదుకొనదు. పిల్లవాడు మరల మగతలో పడును. ఇది మోసపోయినవారి మూర్ఖత్వము కాదు. కంటికి కనబడినదానిని నమ్మిరి, అంతే. అందుచేతనే తెలిసిన సేవకుడు మొదటి వారముననే, “అమ్మా, రెండు నెలలలో వీనికి నయమైనట్లే తోచును. ఆనాడు మందు తగ్గింపవలసినను వైద్యుని అడిగియే తగ్గింపుము, ఎన్నడును మానవలదు” అని ముందుగా చెప్పియుంచును. ముందు చెప్పినమాట నిజమైనప్పుడు తక్కిన మాటలకును విలువ కలుగును.

ఆడపిల్ల యైనచో చిక్కు మరింత. పెండ్లి కాదను భయమున జబ్బును దాచుదురు. దాచవలెనన్నచో బడిలో సూది వేసికొనరాదు, బంధువుల ఇంట వేసికొనరాదు. దాచుట వెంట మానుట వచ్చును. ఈ జబ్బు ఉండియు చదువుకొని, పెండ్లియాడి, బిడ్డలను కన్న స్త్రీ యొకతె ఆ ఇంటికి వచ్చి గంటసేపు మాటలాడినచో కలుగు ఫలము ఎంత ఉపన్యాసమునకును కలుగదు.

బడికి పోవుటలో తెలిసికొనవలసినది ముఖ్యముగా ఒకటి. మందు ఎక్కువైనను, తిండి ఆలస్యమైనను నెత్తుటిలో చక్కెర పడిపోవును. డెసిలీటరునకు 70 మిల్లీగ్రాములకంటె తగ్గినచో చెమట, వణుకు, మాట తడబడుట, అకారణ కోపము కనబడును. వెంటనే మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి ఇచ్చి, పావుగంట ఆగి మరల పరీక్షింపవలెను. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయరాదు. 108 బండిని పిలువవలెను. తరగతిలో ఒక్క ఉపాధ్యాయునకును, పక్క బల్లపై కూర్చుండు ఇద్దరు మిత్రులకును ఇది తెలిసియుండిన చాలును. పరీక్షాశాలలోనికి ఇట్టి పిల్లలు చక్కెర బిళ్లలను, పండ్లను, నీటిని తీసికొనిపోవచ్చునని కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2017 లో అనుమతించెను. బడులలో ఇట్టి పిల్లలకు సూదిమందు వేసికొనుటకును, నడుమ తినుటకును వీలు కల్పింపవలెనని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023 లో రాష్ట్రములకు వ్రాసెను.

ఇక సంగములోని ఆ బాలుని ఇంటికి సేవకుడొకడు వచ్చినాడనుకొనుడు. పాతికేండ్ల యువకుడు, పదేండ్ల వయస్సునుండి ఈ జబ్బు గలవాడు. తల్లి కాఫీ కలుపబోయి, చక్కెర డబ్బా చేత పట్టుకొని, “నాయనా, నీకు వేయవచ్చునా?” అని సందేహించును. “వద్దమ్మా, చక్కెర లేకుండ ఇండు. ముందు చూచుకొందును” అని అతడు జేబులోనుండి చిన్న యంత్రమును తీసి, తన వ్రేలిని పొడుచుకొని, చుక్కను పట్టీకి తాకించును. అంతవరకు తల్లి కొంగు చాటున నున్న బాలుడు ముందుకు వచ్చి అంకెను తొంగిచూచును.

“నొప్పి పుట్టలేదా, అన్నా?”

“పుట్టును. వ్రేలికొన నడుమ కాక పక్కగా పొడిచినచో తక్కువ.”

బాలుడు కొంతసేపు ఆలోచించి, తన చేయి చాచును.