ఎడారి పల్లెకు పిట్టల్ని చూడబోయే ముందు

పిట్టల్ని తోలే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. జొన్న పాలు పోసుకునే రోజుల్లో బడి నుంచి రాగానే మంచె ఎక్కడం, ఒడిసెల తిప్పడం, ఖాళీ డబ్బా వాయిస్తూ గొంతు పోయేదాకా కేకలు పెట్టడం నా పని. పిట్ట వాలితే కంకి పోతుంది, కంకి పోతే తిండి పోతుంది. మా ఇంట్లో లెక్క అంతే. అలాంటి నాకు బి.ఎస్సీ.లో జంతుశాస్త్రం చదువుతుండగా ఒక సంగతి తెలిసి ముందు నమ్మబుద్ధి కాలేదు. వాన సరిగా పడని థార్ ఎడారిలో ఒక ఊరివాళ్ళు గింజలు బస్తాలకొద్దీ కొని తెచ్చి, పరాయి దేశాల నుంచి వచ్చే పక్షులకు పోస్తారట! రాజస్థాన్‌లోని ఫలోదీ పట్టణానికి అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరి పేరు ఖీచన్.

ఈ శీతకాలం విహారయాత్ర అక్కడికే వేద్దామని మా క్లాసులో మాట వచ్చింది. వచ్చిందో లేదో, "అరవై మందిమి పోదాం, మైకు సెట్టు తీసుకుపోదాం, రాత్రి ఇసుకలో మంట వేసుకుని డాన్సులు చేద్దాం" అని మిత్రులు ఉత్సాహపడ్డారు. వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని కాదు గానీ, నాకు మా ఊరి చెరువు గుర్తొచ్చింది. మా చెరువు కట్ట మీది చింతచెట్లలో ఏటా కొంగలు గూళ్ళు కట్టేవి. ఒక ఆదివారం ఎక్కడివాళ్ళో బస్సేసుకుని వనభోజనానికి వచ్చి, చెట్ల కిందే పాటలు పెట్టి టపాసులు కాల్చారు. పెద్ద కొంగలు లేచిపోయాయి. సాయంత్రానికి చెట్ల కింద పిల్లలు రాలిపడి ఉన్నాయి. వచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. వాళ్ళకు తెలియదు, అంతే. తెలియకపోవడం వల్ల జరిగే నష్టాన్ని తెలుసుకుని తప్పించవచ్చు కాబట్టి, ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎవరీ అతిథులు?

ఖీచన్‌కు వచ్చే పక్షిని అక్కడివాళ్ళు కుర్జా అంటారు. ఇంగ్లీషులో డెమాయిజెల్ క్రేన్. డెమాయిజెల్ అంటే ఫ్రెంచి భాషలో కన్య. మన పొలాల్లో తిరిగే కొంగ వేరు, ఇది వేరు. ఇది క్రౌంచ జాతి. తెల్లకొంగ ఎగిరేటప్పుడు మెడను వంచి భుజాల్లోకి ముడుచుకుంటుంది. క్రౌంచం మెడను బాణంలాగా ముందుకు చాచి ఎగురుతుంది. కొంగ చెట్టు మీద వాలుతుంది. కుర్జా వాలదు, కొమ్మను పట్టుకోగల వెనక వేలు దానికి లేదు. నేల మీదనే తిండి, నేల మీదనే నిద్ర. ప్రపంచంలోని క్రౌంచాలన్నింటిలో ఇదే చిన్నది. ఎత్తు మూడడుగులు, బరువు రెండు మూడు కిలోలు. బూడిదరంగు ఒళ్ళు, నల్లని మెడ, కంటి వెనక తెల్లని ఈకల కుచ్చు.

నల్లసముద్రం ప్రాంతం నుంచి మంగోలియా, ఈశాన్య చైనాల దాకా పరుచుకున్న గడ్డిమైదానాల్లో ఇవి వేసవిలో రెండేసి గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుతాయి. అక్కడ మంచు మొదలయ్యేలోపు దక్షిణానికి బయలుదేరుతాయి. మనదేశానికి వచ్చేవాటిలో చాలా భాగం హిమాలయాల కనుమలు దాటి రావలసిందే. ఎదురుగాలి, చలి, దారిలో కాచుకునే గద్దలు - ఇన్ని తప్పించుకున్నవే ఆగస్టు చివర, సెప్టెంబరులో ఖీచన్ మీద వలయాలు తిరుగుతూ దిగుతాయి. మళ్ళీ ఫిబ్రవరి చివర, మార్చిలో తిరుగు ప్రయాణం. మరుభూమి స్త్రీలు దూరదేశం పోయిన భర్తకు కబురు చెప్పమని కుర్జాను బతిమాలే జానపద గేయాలు అక్కడ ఉన్నాయి. మనకు హంస రాయబారం ఎలాగో వాళ్ళకు కుర్జా రాయబారం అలాగ.

గింజలు పోసే పని 1970లలో చిన్నగా మొదలైంది. రతన్‌లాల్ మాలూ అనే ఆయన పావురాలకు ధాన్యం వేస్తుంటే, వాటితో పాటు కొద్ది కుర్జాలు కూడా దిగాయి. ఆయన వాటిని తోలలేదు, ఇంకా కొంచెం పోశాడు. ఊరు చేయి కలిపింది. ఊరి అంచున కంచె వేసి చుగ్గా ఘర్ అనే గింజల దొడ్డి కట్టారు. వ్యాపారాల మీద దూర నగరాల్లో స్థిరపడిన అక్కడి జైన కుటుంబాలు చందాలు పంపుతుంటాయి. ఈనాడు నిండు శీతకాలంలో అక్కడ దిగే కుర్జాలు ఇరవై వేలు దాటుతాయి. ఊళ్ళోని రాత్రి నదీ, విజయసాగర్ అనే రెండు చెరువులతో కలిపి ఖీచన్‌ను 2025 జూన్‌లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు. గమనించండి, ఇక్కడి నదీ అంటే మన నది కాదు. వాన నీరు నిలిచే కుంటను మార్వాడీలో అలా అంటారు.

చప్పుడుకు, చావుకు సంబంధం

"పిట్ట లేస్తే మళ్ళీ వాలుతుంది గదా, దానికేం నష్టం?" అని అడిగాడొక మిత్రుడు. రెండు నష్టాలున్నాయి. కుర్జా ఎడారిలో గడిపే కాలమంతా తిని కొవ్వు నిల్వ చేసుకుంటుంది. ఆ కొవ్వే తిరుగు ప్రయాణానికి దారిబత్తెం. బెదిరి లేచిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చవుతుంది. పొద్దున మేత వేళ రెండు మూడుసార్లు చెదరగొడితే, ఆ రోజు సంపాదన ఆ రోజే పోయినట్టు.

రెండోది ఇంకా పెద్దది. అది కరెంటు తీగ. పెద్ద రెక్కల పక్షి మెరుపులా పక్కకు తిరగలేదు. పైగా ఎగిరేటప్పుడు దాని చూపు నేల మీద ఉన్నంతగా ఎదర ఉండదు. తాపీగా లేచిన గుంపు తీగను చూసి తప్పుకోగలదు. బెదిరి ఒక్కసారిగా లేచిన వేల పక్షుల గుంపులో ముందున్నవి తప్పుకుందామన్నా వెనకవి తోస్తాయి. ఖీచన్ చుట్టుపక్కల తీగలు తగిలి కుర్జాలు చచ్చిపోవడం కొత్తేమీ కాదు. అంటే మన టపాసు, మన హారను, మన డ్రోన్ నేరుగా ఏ పక్షినీ చంపకపోవచ్చు, తీగ మీదికి తోలవచ్చు.

ఇది అక్కడి గొడవే అనుకోకండి. బట్టమేక పక్షి కోసం మన కర్నూలు వైపు రోళ్ళపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు. అదే జాతికి ఇప్పుడు మిగిలిన పెద్ద ఆసరా ఆ జైసల్మేర్ ఎడారే, మొత్తం పక్షులు రెండు వందలు కూడా లేవు. అక్కడ కూడా పెద్ద శత్రువుల్లో ఒకటి కరెంటు తీగే.

నీరు ఎవరిది?

మనం కరువుసీమ అని చెప్పుకునే అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన పడుతుంది. ఫలోదీ ప్రాంతంలో పడేది అందులో సగం కూడా ఉండదు. పడిన కాస్త వానను కూడా వాళ్ళు వదలరు. ఇంటి ముందు గిన్నెలాగా వాలు చేసిన నేల మీద పడిన నీరు భూమిలో కట్టిన తొట్టిలోకి దిగుతుంది. దాన్ని టాంకా అంటారు. మూత వేసి, తాళం కూడా వేసుకుంటారు. దాంట్లోని నీరు నెలల తరబడి తాగడానికి. ఇప్పుడు కాలవలు, బోర్లు వచ్చాయి గానీ నీటి మీద ఆ భయభక్తులు పోలేదు. అక్కడి వంటలో నీళ్ళకు బదులు మజ్జిగ పోయడం చూస్తాం. కాబట్టి అరవై మంది వెళ్ళి బకెట్లు బకెట్లు పోసుకుని స్నానం చేస్తే, ఆ నీరు డబ్బు పెట్టి కొన్నా సరే, ఎవరి వంతులోంచో తీసుకున్నట్టే.

మనకు తెలిసిన చుట్టం ఒకటి అక్కడ ఉంది - జమ్మిచెట్టు. దసరా నాడు మనం బంగారమని పంచుకునే ఆకు ఇదే. తెలంగాణ రాష్ట్ర వృక్షం ఇదే, రాజస్థాన్ రాష్ట్ర వృక్షమూ ఇదే. వాళ్ళు ఖేజ్రీ అంటారు. లోతుకు వేరు దింపి, గాలిలోని నత్రజనిని నేలకు ఇస్తుంది. దాని నీడన సజ్జ బాగా వస్తుంది. ఆకు మేకలకు మేత, లేత కాయ మనుషులకు కూర. ఈ చెట్లను రాజు మనుషులు కొట్టబోతే, జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ గ్రామంలో 1730లో అమృతాదేవితో సహా 363 మంది బిష్ణోయీలు చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చారు. ఎడారిలో ప్రకృతి తనంతట తాను మిగల్లేదు. ఎవరో కాపాడితే మిగిలింది. మనం చూడబోయేది ఆ కాపాడినవాళ్ళ ఇంటిని.

యాత్ర ఎలా వేయాలి?

ఎందరు: పన్నెండు మంది విద్యార్థులు, ఇద్దరు లెక్చరర్లు. ఇంతకు మించితే పక్షులు కాదు, మనమే ప్రదర్శన అవుతాం. మిగతావాళ్ళు మరో ఏడు వెళ్ళవచ్చు.

ఎప్పుడు: డిసెంబరు, జనవరి. వేసవి సెలవుల మాట ఎత్తవద్దు. అప్పుడు పక్షులూ ఉండవు, మనమూ ఉండలేం. 2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీల వేడి నమోదైంది. శీతకాలం పగలు హాయిగా ఉన్నా రాత్రి చలి కొరుకుతుంది. పొడి ఇసుక పగటి వేడిని లోపల దాచుకోలేదు. ఆకాశంలో మేఘం లేదు, గాలిలో తేమ లేదు. పొద్దు గుంకగానే వేడి అంతా పైకి పోతుంది. కంబళి, చెవులకు మఫ్లరు తప్పనిసరి.

ఎలా: 2025లో కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి రోజూ నడిచే రైలు వేశారు. జోధ్‌పూర్‌లో ఒక రాత్రి ఉండి, మర్నాడు ఖేజర్లీ చూసుకుని, జైసల్మేర్ రైలుదారి మీద ఉన్న ఫలోదీ చేరవచ్చు. బస ఫలోదీలోనే మంచిది. ఊరి మీద భారం పడదు.

ఎన్నాళ్ళు: ఖీచన్‌లో రెండు పొద్దులు. మొదటి పొద్దు కేవలం చూడటానికి, రెండోది లెక్కించడానికి. తెల్లవారకముందే చేరి, ఊరివాళ్ళు చూపిన మిద్దె మీద కదలకుండా కూర్చోవాలి. వేల పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. ముందు పదింటిని లెక్కించి, ఆ గుంపు ఎంత చోటు ఆక్రమించిందో కంటికి పట్టించుకోవాలి. దాన్నిబట్టి వంద ఎంత ఉంటుందో చూసి, వందలు వందలుగా కొలుచుకుంటూ పోవాలి. ముగ్గురు విడివిడిగా లెక్కించి సగటు తీయాలి. మేత అయ్యాక పక్షులు చెరువుల దగ్గరికి పోతాయి, అక్కడ నీళ్ళు తాగుతాయి, చిన్న చిన్న రాళ్ళు కూడా మింగుతాయి. పళ్ళు లేని పక్షికి సంగటి గుండులా కడుపులో గింజను నూరేవి ఆ రాళ్ళే. మనం దూరం నుంచే చూడాలి.

ఏం తీసుకెళ్ళాలి: బూడిద, మట్టి రంగు బట్టలు. మందమైన చెప్పులు లేదా బూట్లు, ఎందుకంటే పల్లేరుగాయలు మనకంటే అక్కడే ఎక్కువ. పొద్దున బూటు దులిపి తొడుక్కోవాలి, తేలు ఉండవచ్చు. మనిషికొక నీళ్ళ సీసా, ఒక టార్చి. పదిమందికి రెండు దుర్భిణులు చాలు. పక్షుల దగ్గర సెల్‌ఫోను మోగకూడదు, ఫ్లాష్ వెలగకూడదు, డ్రోన్ అసలే వద్దు. తెచ్చిన ప్లాస్టిక్కు మళ్ళీ మన సంచీలోనే తిరిగి రావాలి.

ఏం ఇవ్వాలి: మనమే గింజలు చల్లాలనే సరదా వద్దు. ఎంత పోయాలో, ఎప్పుడు పోయాలో వాళ్ళకు తెలుసు. మైకు సెట్టుకు అనుకున్న డబ్బు గింజల నిధికి ఇచ్చి రసీదు తెచ్చుకుందాం. ఎదురుపడ్డ పెద్దవాళ్ళకు "రామ్ రామ్ సా" అనండి. అడగకుండా ఎవరి ఫోటో తీయవద్దు, ముఖ్యంగా ఆడవాళ్ళది.

ఒక ప్రశ్న

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఈ ఊరి కథ మా నాయనకు చెప్పాను. పొగుడుతాడనుకున్నాను. ఆయన చుట్ట ముట్టించుకుని, "గింజలు కొని పోసేటోళ్ళు షావుకార్లు గద. వాళ్ళు మంచోళ్ళే, కాదనను. మరి ఆ పక్కన చేను ఉన్న రైతు ఏమంటున్నడో అడిగినవా?" అన్నాడు. అడగలేదు. నేను చదివినవాటిలో ఆ రైతు గొంతు వినబడలేదు. ఇరవై వేల పక్షులు దొడ్లో గింజలతోనే కడుపు నింపుకుంటాయా, చేల మీద కూడా పడతాయా? పడితే ఆ నష్టం ఎవరు మోస్తున్నారు? మోస్తూ కూడా ఊరుకుంటున్నారంటే ఎందుకు ఊరుకుంటున్నారు?

అందుకని యాత్ర ప్రణాళికలో ఒక మధ్యాహ్నం ఖాళీగా ఉంచాను. ఆ పూట పక్షుల్ని చూడం. హిందీ వచ్చిన ఇద్దరు ముగ్గురం చేల గట్ల వెంట పోయి, రైతు దగ్గర కూర్చుని వింటాం. మిత్రుల్లో ఎవరికి ఇష్టమైతే వాళ్ళు యూనియన్ ఆఫీసులో పేరివ్వండి. పన్నెండు పేర్లు దాటితే చీటీలు వేద్దాం. చీటీలో నా పేరు రాకపోయినా సరే, వెళ్ళినవాళ్ళు మా నాయన ప్రశ్నకు జవాబు మాత్రం తెచ్చిపెట్టాలి.