సాధువైన కంతి – లోన దాగిన రాచపుండు

స్నానవేళ రొమ్మున వ్రేలికి తగిలిన చిన్న కంతిని గురించి కన్నతల్లితోనైనను చెప్పక, కట్టుకొన్నవానితోనైనను పలుకక, నెలల తరబడి లోలోపల కుములుచుండుట మన యిండ్లలో నేటికిని కానవచ్చుచున్నది; సముద్రములు దాటి వచ్చి స్థిరపడినను ఈ సంకోచము మనలను విడువలేదు. కంతి యనగానే కేన్సరని కంపించువారు కొందఱు, అది దానంతట అదియే కరగునని తోసిపుచ్చువారు మఱికొందఱు. ఈ యిరుతెగల వారికిని వైద్యశాస్త్రము చెప్పు మాట ఒక్కటియే: కంతి సాధువో క్రూరమో తేల్చుట వ్రేలికిగాని మనస్సునకుగాని శక్యమైన పని కాదు.

యువతుల రొమ్ములలో పుట్టు కంతులలో ఫైబ్రోఅడినోమా యనునది మిక్కిలి సాధారణము. పాలనాళముల కొసలనున్న సన్నని గుత్తులును, వానిని చుట్టియున్న నారకణజాలమును గూడి పెరుగగా నేర్పడు నీ కంతి, రబ్బరు బంతివలె గుండ్రముగను బిగువుగను ఉండి, నొక్కబోయినంతనే తడిసిన చింతగింజవలె ప్రక్కకు జాఱిపోవును. ఈస్ట్రోజెన్ ప్రభావమునకు లోబడినదగుటచే ఇది గర్భవతులలో పెరుగుటయు, ముట్లుడిగిన పిదప కృశించుటయు కలదు. ఏండ్లు గడచి సున్నము పట్టినచో మామోగ్రామ్‌లో పేలాలవలె తెల్లగా కనబడును. స్వతస్సిద్ధముగ నిది నిరపాయమైనది.

అయినను ఈ కంతిలోని నాళములకు అస్తరువలె పఱచుకొన్న కణములు తక్కిన రొమ్ములోని కణముల జాతివే యగుటచే, అక్కడ పుట్టగల రాచపుండు ఇక్కడను పుట్టగలదు. లేదా పొరుగున పుట్టి దీనిలోనికి ప్రాకగలదు. ఇది మిక్కిలి అరుదు: వేయి కంతులను కోసి చూచినను రెండు మూడింటికి మించి కానరాదు. ఫైబ్రోఅడినోమా ఇరువది, ముప్పది యేండ్ల ప్రాయమున తఱచుగా కనబడగా, దానిలోని కేన్సరు సాధారణముగా నలువది దాటినవారిలో బయటపడును. పెక్కుమారు లది పుట్టిన గుత్తి పొరను దాటని తొలిదశలోనే యుండును. 1994లో డూపాంట్, పేజ్ మొదలగువారు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించిన పరిశోధనలో, 3 మిల్లీమీటర్లకు మించిన నీటితిత్తులు మొదలైన మార్పులు గల జటిలమైన కంతులున్న స్త్రీలకు తరువాతి కాలమున రొమ్ము కేన్సరు వచ్చు అవకాశము సుమారు మూడు రెట్లని తేలినది. జటిలము కాని కంతి గలిగి, కుటుంబమున ఈ వ్యాధి లేనివారికి ప్రమాదము హెచ్చలేదనియు తేలినది.

కావున వైద్యులు చేతితో పరీక్షించుట, అల్ట్రాసౌండ్‌తోగాని మామోగ్రామ్‌తోగాని చూచుట, సూదితో ముక్క తీయుట యను మూడింటిని జోడించి తీర్పు చెప్పుదురు. ఆ సూదిలో వచ్చునది సేమియా పోగంత సన్నని ముక్క. దానిని మైనమున పొదిగి, పలుచగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శినిక్రింద నుంచినచో, గులాబీవన్నె నారల నడుమ నీలికేంద్రములుగల కణములు రెండు వరుసలుగా నాళముల నంటి యుండుట కనబడును. ఆ వరుసలు చెదరి, కణములు గుత్తులను క్రిక్కిఱిసి ఉబ్బించినచోట వైద్యుని చూపు నిలిచిపోవును. ముక్క నిరపాయమని వచ్చినప్పటికిని, కంతి పెరుగుచున్నను, దాని అంచు మసకబాఱినను, క్రొత్తగా సన్నని సున్నపు రేణువులు గుంపుకట్టినను దానిని సమూలముగా తీసి చూడవలసినదే.

తొలిదశలో దొరికిన రొమ్ము కేన్సరు నేడు నయము కాగల వ్యాధి. ఆ చికిత్సలో చిరకాలము వాడబడిన మెథోట్రెక్సేట్, భీమవరమున పుట్టి అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లే ప్రయోగశాలలో రూపొందిన దను సంగతి మన ప్రవాసులకు గర్వకారణము. మందున్నను రోగము దాచినచో ఫలమేమి?

అమెరికాలో 2024 నాటి జాతీయ సిఫారసు ననుసరించి 40 మొదలు 74 ఏండ్ల వఱకు స్త్రీలు రెండేండ్ల కొకమారు మామోగ్రామ్ తీయించుకొనవలెను. ఆ పరీక్షకు పోవునపుడు, పూర్వము గుంటూరులోనో హైదరాబాదులోనో కంతి తీయించుకొన్న సోదరీమణులు ఆనాటి బయాప్సీ నివేదికను వెంట గొనిపోవుదురు గాక. నిరపాయమని వ్రాసియున్నదని దానిని పారవేయవలదు. అందు జటిలమను మాట యున్నదో లేదో వైద్యుని చదువనిండు. తల్లులారా, కుమార్తెలారా, కంతి తగిలిన వారమే చెప్పుడు, చూపించుకొనుడు.