ఊరు మారితే బాండు ఏమవుతుంది?

చట్టం అనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చేవి రెండే మాటలు – జైలు, బెయిలు. నేరం రుజువైనదని కోర్టు చెప్పిన తరువాత కూడా మనిషిని జైలుకు పంపకుండా, ఇంటి దగ్గరే ఉంచి, ఒక అధికారి కనిపెట్టుకుని ఉండేలా చేసే పద్ధతి కూడా ఒకటి ఉన్నది. దానినే ప్రొబేషన్ అంటారు. అలా విడుదలైన మనిషి పని కోసం వేరే రాష్ట్రానికి వెళ్ళవలసి వస్తే ఏమిటి దారి?

విజయవాడ చుట్టుపక్కల వారికి ఈ ప్రశ్న ముఖ్యమైనది. ఇటు జగ్గయ్యపేట, అటు తిరువూరు దాటితే తెలంగాణ వస్తుంది. 2014 జూన్ 2కి ముందు ఖమ్మం, హైదరాబాదు కూడా మన రాష్ట్రంలోనివే. ఇప్పుడూ పనికి వెళ్ళేది అదే ఊరికి, అదే దారిన. కాని రాష్ట్రం వేరు, అధికారులు వేరు. అందుకే ఈ సంచికలో ఈ విషయాన్ని వివరిస్తున్నాము.

ప్రొబేషన్ అంటే...

మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులలోనే, 1936లో, ఇందుకు ఒక చట్టం చేశారు. తరువాత దేశమంతటికీ కలిపి 1958లో ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం వచ్చింది. మరణశిక్ష గాని, యావజ్జీవ శిక్ష గాని పడే నేరాలకు ఇది వర్తించదు. మిగిలిన వాటిలో, మనిషి నడవడిని, నేరం తీరును చూసి, మంచి ప్రవర్తనకు బాండు రాయించుకుని కోర్టు విడుదల చేయవచ్చు. బాండు గడువు 3 సంవత్సరాలకు మించరాదు. ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ కూడా పెడితే అది కనీసం ఒక సంవత్సరం ఉండాలి.

21 ఏళ్ళు నిండనివారి విషయంలో చట్టం ఇంకా జాగ్రత్త తీసుకున్నది. వారిని జైలుకు పంపే ముందు కోర్టు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని చూడాలి. పంపితే కారణాలు రాయాలి. 1964లో పంజాబ్‌కు చెందిన 16 ఏళ్ళ బాలుడి కేసులో, క్రింది కోర్టు తీర్పు తరువాత చట్టం అక్కడ అమలులోకి వచ్చినా, అప్పీలులో దానిని వర్తింపజేయవచ్చునని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసినది మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు.

వేరే రాష్ట్రానికి వెళ్ళాలంటే...

తిరువూరు దగ్గరి ఒక యువకుడికి విజయవాడ కోర్టు రెండేళ్ళ బాండు, పర్యవేక్షణ విధించిందనుకుందాం. అతనికి ఖమ్మంలో గ్రానైట్ పని దొరికింది. చెప్పకుండా వెళ్ళిపోతే షరతు తప్పినట్లే అవుతుంది. కోర్టు సమన్లు గాని వారంటు గాని పంపవచ్చు. మొదటిసారైతే 50 రూపాయల వరకు జరిమానాతో వదలవచ్చు, లేదా పాత నేరానికే శిక్ష వేయవచ్చు.

చెప్పి వెళ్ళడానికి మాత్రం చట్టంలోనే దారి ఉన్నది.

మొదటిది: తీర్పు రోజునే చెప్పుకోవడం. ముద్దాయికి గాని, జామీనుదారుకు గాని స్థిరమైన నివాసమో, పనో ఉండాలని 4వ సెక్షన్ అంటుంది. అది కోర్టు ఉన్న ఊరిలోనే ఉండనక్కరలేదు, బాండు కాలంలో ముద్దాయి ఉండబోయే చోట ఉన్నా చాలు.

రెండవది: షరతు మార్పించుకోవడం. ఫలానా చోటనే ఉండాలని బాండులో ఉంటే, ప్రొబేషన్ అధికారి దరఖాస్తుపై కోర్టు దానిని మార్చవచ్చు. కాబట్టి ముందుగా వెళ్ళి కలవవలసినది ఆ అధికారినే.

మూడవది: అధికారి మార్పు. 13వ సెక్షన్ ప్రకారం బాండు తీసుకున్న కోర్టు గాని, మనిషి ప్రస్తుతం ఉంటున్న జిల్లా మేజిస్ట్రేటు గాని, పాత అధికారి స్థానంలో వేరొక ప్రొబేషన్ అధికారిని నియమించవచ్చు. అంటే పర్యవేక్షణ మనిషి వెంటే వెళ్ళగలదు.

పర్యవేక్షణ ఉత్తర్వు ప్రతి ఒకటి ముద్దాయికి, ఒకటి జామీనుదారుకు ఇవ్వాలని చట్టంలో ఉన్నది. దానిని అడిగి తీసుకుని భద్రపరచుకోవాలి. క్రొత్త ఊరిలో అధికారికి చూపవలసిన కాగితం అదే.

లోటు ఎక్కడ?

అమెరికాలో ఏ రాష్ట్రం చట్టం దానిదే. అందుకని ఆ రాష్ట్రాలు 1937లో ఒక ఒప్పందం మొదలుపెట్టాయి. దాని స్థానంలో 2002లో క్రొత్త ఒప్పందం అమలులోకి వచ్చి, 50 రాష్ట్రాలూ అందులో చేరాయి. మనిషి వెళ్ళదలచిన రాష్ట్రం 45 రోజులలో విచారణ చేసి జవాబు చెప్పాలి. అక్కడ కుటుంబం ఉందా, బ్రతుకుతెరువు ఉందా అని చూస్తారు.

మనకు దేశమంతటికీ ఒకే చట్టం ఉండడం మేలే. కాని అందులో బదిలీకి ఇన్ని రోజులని గడువు లేదు. కాగితం ఆఫీసుల మధ్య ఆగిపోతే పని పోయేది కూలివాడికే. రెండు తెలుగు రాష్ట్రాలైనా కూర్చుని ఒక గడువు పెట్టుకుంటే ఎంతో మేలు జరుగుతుందని మా అభిప్రాయం.

పెరోల్ దీనికి భిన్నమైనది. శిక్ష అనుభవిస్తున్న ఖైదీకి కొన్ని రోజులు ఇచ్చే విడుపు అది. గడువు తీరగానే తిరిగి జైలుకు వెళ్ళాలి, ఉత్తర్వులో రాసిన చోటే ఉండాలి. ఖైదీనే వేరే రాష్ట్రం జైలుకు మార్చాలంటే 1950 నాటి ఖైదీల బదిలీ చట్టం ఉన్నది. దానికి రెండు ప్రభుత్వాల అంగీకారం కావాలి.

ఉద్యోగాల మాట

ప్రొబేషన్‌పై విడుదలైనవారికి శిక్ష పడినందువలన వచ్చే అనర్హత అంటదని 12వ సెక్షన్ చెబుతున్నది. అంతమాత్రాన అసలు కేసే లేనట్లు కాదు. ఉద్యోగంలో ఉన్నవారి ప్రవర్తనపై శాఖాపరమైన చర్యకు అది అడ్డు రాదని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. కనుక దరఖాస్తులో కేసుల గురించి అడిగితే దాచకూడదు.

మరొక సంగతి. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం క్రింద నేరం రుజువైన 18 ఏళ్ళు దాటినవారికి ప్రొబేషన్ లేదని ఆ చట్టం 19వ సెక్షన్ స్పష్టం చేస్తున్నది. బాధితుల పక్షాన నిలబడే మన పూర్వ విద్యార్థులు దీనిని గుర్తుంచుకోవాలి.

ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 చట్టం ఇచ్చింది. అందుకు న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీ వాడలో ఎవరైనా బాండు మీద ఉండి, పని కోసం మూట సర్దుకుంటుంటే ఒక్క మాట చెప్పండి – బస్సు ఎక్కే ముందు ప్రొబేషన్ ఆఫీసు మెట్లు ఎక్కమని. చెప్పి వెళ్ళినవాడికి చట్టం తోడుంటుంది. చెప్పకుండా వెళ్తే ఆ చట్టమే వారంటై వెంటపడుతుంది.