దీపస్తంభము, విమానము, మైదానము: ప్రభుత్వ వ్యయమునకు మూడు మార్గములు

బొంబాయి నగర చరిత్రలో తెలుగువారి స్థానమును గూర్చి ముచ్చటించునపుడు కామాటీల పేరు మొదట వచ్చుట సహజము. పదునెనిమిదవ శతాబ్ది చివరినుండి తెలంగాణ ప్రాంతమును విడిచి వచ్చిన కూలీలు, మేస్త్రీలు ఈ నగరమున రాళ్ళు మోసిరి, గోడలు లేపిరి, బాటలు వేసిరి. వారి పేరనే కామాటిపుర వెలసినది. పిమ్మట నూలుమిల్లుల కాలమున వచ్చిన పద్మశాలీలు వర్లీ మొదలగు చోట్ల చాళ్ళలో స్థిరపడిరి. నగరమును కట్టినవారి బిడ్డలకు ప్రభుత్వ ధనమునుండి ఏమి ముట్టుచున్నది? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు సముద్ర రక్షణ, విమానయానము, క్రీడలు అను మూడు శాఖలను పోల్చి చూచుట ఈ వ్యాసోద్దేశము.

ఈ మూడింటికి గల భేదము రాజ్యాంగములోనే ఆరంభమగుచున్నది. ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 26వ అంశము దీపస్తంభములను, ఓడలకును విమానములకును వలసిన రక్షణ ఏర్పాట్లను పేర్కొనుచున్నది. 29వ అంశము విమానయానము. క్రీడలు మాత్రము రాష్ట్ర జాబితాలో 33వ అంశమున నాటకములు, సినిమాలు, వినోదములతోబాటు చేర్చబడినవి. మొదటి రెండును రక్షణ కార్యములు, మూడవది వినోదము. ఈ విభజన ఫలితము ఖర్చులో స్పష్టముగా గానవచ్చును.

సముద్రము

కొలాబా దక్షిణ కొనయందు 1875లో నిర్మితమైన ప్రాంగ్స్ దీపస్తంభము నేటికిని రేవునకు వచ్చు ఓడలకు దారి చూపుచున్నది. ఈ దీపమునకు ధనమెక్కడిది? 1927 నాటి దీపస్తంభముల చట్టము ప్రకారము రేవులకు వచ్చిపోవు ఓడలనుండి ఒక సుంకము వసూలు చేసెడివారు. దీనిని దీపసుంకమని చెప్పుకొనవచ్చును. ఆ ధనము దీపస్తంభముల కొరకే ఉద్దేశింపబడినది. 50 టన్నులకు లోబడిన నావలకు ఆ చట్టమున మినహాయింపు ఉండెను. కనుక పెద్ద ఓడ చెల్లించిన సొమ్ముతో వెలిగిన దీపము చేపలు పట్టు పడవకు ఉచితముగా దారి చూపును. 2021లో ఆ చట్టమునకు బదులు క్రొత్త చట్టము వచ్చినను సుంకపు పద్ధతి నిలిచియే యున్నది.

అయితే దీపమున్నంత మాత్రమున ప్రాణరక్షణ సిద్ధింపదు. 1947 జులై 17న బొంబాయి నుండి రేవస్‌కు బయలుదేరిన 'రామదాస్' అను ప్రయాణికుల ఓడ తుపాను గాలిలో మునిగి ఆరువందలకు పైగా జనులు మరణించిరి. 1949లో బొంబాయి కేంద్రముగా నౌకాయాన డైరెక్టరు జనరలు కార్యాలయము ఏర్పడినది. 1958లో వాణిజ్య నౌకా చట్టము ఓడల తనిఖీకి, ప్రాణరక్షణ సాధనములకు నిబంధనలు విధించినది. అయినను 2024 డిసెంబరు 18న ఎలిఫెంటాకు పోవుచున్న 'నీల్‌కమల్' పడవను, యంత్ర పరీక్షలో నున్న నౌకాదళపు వేగనావ అదుపు తప్పి ఢీకొనగా పదునైదుగురు మరణించిరి. ఆ పడవలో అనుమతికి మించి జనులుండిరి. ధనము, చట్టము రెండును ఉండియు తనిఖీ కొరవడినచో ఏమగునో ఇది చెప్పుచున్నది.

ఆకాశము

విమానయానమున ప్రభుత్వము పలు మార్గములు త్రొక్కినది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి జుహూకు టపా విమానము నడిపినపుడు అది ప్రయివేటు సాహసము. 1945లో నిజాము ప్రభుత్వ భాగస్వామ్యముతో హైదరాబాదులో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడినది. 1953లో ఆ కంపెనీయు తక్కినవాటితో గలసి జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది.

ఇటీవలి పద్ధతి వేరు. చిన్న పట్టణములకు విమానములు నడుపుటకై ఏర్పడిన ఉడాన్ పథకమున, ప్రధాన మార్గముల విమానములపై సుంకము విధించి ఒక నిధిని ఏర్పరచిరి. నష్టపూరణలో సామాన్యముగా నూటికి 80 వంతులు ఆ నిధినుండి, 20 వంతులు రాష్ట్రమునుండి వచ్చును. 2017 ఏప్రిల్ 27న ఈ పథకము క్రింద ఆరంభమైన తొలి మార్గములలో కడప-హైదరాబాదు ఒకటి. దీపసుంకమునకు ఇది తోబుట్టువు వంటిదే. కాని 2023లో కంప్ట్రోలరు, ఆడిటరు జనరలు ఇచ్చిన నివేదికలో, తొలి మూడు విడతలలో కేటాయించిన 774 మార్గములకుగాను 403 ఆరంభమే కాలేదని తేలినది. నిధి ప్రత్యేకముగా ఉండుటచేత లెక్క అడుగుటకు వీలైనది, లోపము బయటపడినది.

క్రీడారంగము

క్రీడలకు అట్టి సుంకము లేదు, అట్టి హక్కును లేదు. 1920 నాటి ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌కు భారతీయులను పంపుటకు దొరాబ్జీ టాటా ఔదార్యము కావలసివచ్చినది. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము అన్నిటికంటె ఫలవంతముగా చేసిన సాయము ఉద్యోగరూపమున జరిగినదని చెప్పవచ్చును. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమారులు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. పోలీసు శాఖ జీతమును, సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణను ఆ విజయములకు మూలము. 1998లో జాతీయ క్రీడాభివృద్ధి నిధి ఏర్పడినను అది విరాళములను నమ్ముకొన్నదే. ఖేలో ఇండియా వంటి పథకములు ఏటేటి బడ్జెటు కేటాయింపుపై నడచును.

ఆటకు మొదట కావలసినది నేల. కామాటిపురను ఆనుకొనియున్న నాగపాడాలో బాస్కెట్‌బాల్ ఆడుకొనుటకు కొంత చోటు ఉండుటచేత, ఇరుకు ఇండ్లలోని పిల్లలే జాతీయ జట్టుకు ఎదిగిరి. వర్లీ చాళ్ళ నడుమ జాంబోరీ మైదానము గలదు. కామాటిపుర గల్లీల నడుమ అంతటి మైదానము లేదు. అక్కడి పిల్లలకు గల్లీయే మైదానము.

నేడు మనము చేయవలసినది

ఈ పోలిక ఇప్పుడు ముఖ్యమగుటకు కారణము కామాటిపుర పునర్నిర్మాణము. ఈ పనిని మహారాష్ట్ర ప్రభుత్వము గృహనిర్మాణ సంస్థయైన మ్హాడాకు అప్పగించినది. 'సెస్ ఇండ్లు' అను మాట అచ్చటి వారికి క్రొత్తది గాదు. 1969 నాటి చట్టము క్రింద మరమ్మతుల కొరకు వసూలైన ఆ సుంకము ఇండ్లను పూర్తిగా కాపాడలేకపోయినను, ఆ ఇండ్లలోని కౌలుదార్లకు క్రొత్త ఇంటిని కోరు ఆధారము నిచ్చినది. చెల్లించినవానికి అడుగు హక్కు గలదనుటకు ఇంతకంటె దగ్గరి దృష్టాంతము లేదు.

ఇంటి విస్తీర్ణమును గూర్చిన చర్చలో మైదానము మరుగున పడరాదు. ఉత్సవ వేదికపై చేసిన వాగ్దానము నిలువదు. నక్షాపై మైదానముగా కేటాయింపబడిన స్థలము నిలుచును. 1966 నాటి మహారాష్ట్ర ప్రాంతీయ, నగర రచనా చట్టము ప్రకారము, ప్రణాళికలో కేటాయించిన స్థలమును మార్చవలెనన్న ప్రకటన ఇచ్చి, జనుల అభ్యంతరములు వినవలసియుండును. కావున మన సంఘములు చేయవలసిన పనులు రెండు: నక్షా ఖరారు కాకమునుపే మైదానమునకు స్థలమును వ్రాతపూర్వకముగా కోరుట, దాని పోషణవ్యయము ఎవరు భరింతురో ఒప్పందములో చేర్పించుట. ఓడలకు దీపము, విమానములకు నిధి చట్టము వలన లభించినవి. నగరమును కట్టిన కామాటీల మనుమలకు ఆటస్థలము కూడ అట్లే లభింపవలెను.